పేరు వేసినంత మాత్రాన పాట మనదైపోదు

ఏడు సెకన్లని కొందరంటారు. పదిహేనని ఇంకొందరు. ఎక్కువమంది మాత్రం ముప్పై దగ్గర స్థిరపడ్డారు. "ముప్పై సెకన్ల లోపు వాడితే కాపీరైట్ రాదు సార్" అనే మాట విత్తనాల కంపెనీ మార్కెటింగ్ మేనేజరు నోట వింటాం, భీమవరం రొయ్యల వ్యాపారి కొడుకు నోట వింటాం, కృష్ణానగర్‌లో పాతికేళ్లుగా ఎడిటింగ్ చేస్తున్న పెద్దమనిషి నోట కూడా వింటాం. ఇంతమంది చెబుతున్నారంటే చట్టంలో ఏదో ఒక మూల ఉండే ఉంటుందని అందరికీ ధీమా. 1957 నాటి మన కాపీరైట్ చట్టాన్ని తిరగేసి చూడండి. ఇన్ని సెకన్ల పాట ఉచితం అన్న ముక్క అందులో ఎక్కడా లేదు.

నష్టం లేని పుకారైతే నవ్వుకుని వదిలేయొచ్చు. ఇది డబ్బు తినే పుకారు. లక్షలు పోసి కంపెనీ ప్రొఫైల్ వీడియో తీయిస్తారు. ప్లాంటు, ల్యాబు, డ్రోన్ షాట్లు, చైర్మన్‌గారి సందేశం, అన్నీ బాగానే కుదురుతాయి. చైర్మన్‌గారు కారు దిగే చోట మాత్రం ఓ స్టార్ హీరో ఎంట్రీ బీజీఎం పడుతుంది. డీలర్ల మీటింగులో ఎల్‌ఈడీ తెర మీద వేస్తే ఈలలు కూడా పడతాయి. ఆ ఊపులోనే యూట్యూబ్‌కి ఎక్కిస్తారు. అక్కడ 2007 నుంచీ కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ కాపలా కాస్తోంది. ఎక్కిన ప్రతి వీడియోలోని శబ్దాన్నీ హక్కుదారులు ముందే ఇచ్చిపెట్టిన పాటలతో పోల్చి చూడటమే దాని పని. పట్టుకోవడానికి దానికి కొద్ది సెకన్లు చాలు. దొరికాక వీడియోను ఆపేయాలా, దాని మీద ప్రకటనలు వేసి ఆ డబ్బు తీసుకోవాలా అన్నది హక్కుదారు ఇష్టం. అంటే మీ సిమెంటు వీడియో ముందు పోటీ సిమెంటు కంపెనీ ప్రకటన రావచ్చు. దాని డబ్బు మ్యూజిక్ కంపెనీకి పోవచ్చు. ఖర్చు మాత్రం మీది.

ఇది చవకగా వదిలిన సంగతి. అసలు హక్కుదారే ఫిర్యాదు చేసి వీడియో తీయిస్తే అది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానలే పోతుంది. ఇంకా ఖరీదైనది లాయరు నోటీసు. అది వెంటనే రాదు. ఏడాదికో రెండేళ్లకో వస్తుంది. ఈలోగా వీడియో దుబాయ్ ఎగ్జిబిషన్‌లో ఆడి ఉంటుంది, వెబ్‌సైట్‌లో మొదటి పేజీలో ఉంటుంది, సేల్స్ కుర్రాళ్ల ఫోన్లన్నిటిలో ఉంటుంది. ముందే అడిగి ఉంటే బేరం ఆడుకునే వీలుండేది. వాడేసిన తర్వాత వాళ్లు చెప్పిందే ధర. అప్పుడు వీడియో తీసిన కుర్రాడికి ఫోన్ చేస్తే స్విచాఫ్.

చిక్కంతా పాటను ఒకే ఆస్తి అనుకోవడం దగ్గర మొదలవుతుంది. చట్టం దృష్టిలో ఒక సినిమా పాటలో కనీసం మూడు ఆస్తులున్నాయి. కవి రాసిన మాటలు ఒకటి, సంగీత దర్శకుడు కట్టిన బాణీ ఒకటి, స్టూడియోలో పాడి తీసిన రికార్డింగు ఒకటి. రికార్డింగు సాధారణంగా మ్యూజిక్ కంపెనీ చేతిలో ఉంటుంది. మన తెలుగు పాటల్లో చాలాభాగం ఆదిత్య, లహరి, సరిగమ, టీ-సిరీస్ లాంటి సంస్థల దగ్గరే ఉన్నాయి. బొమ్మకు పాటను జతచేయాలంటే మాటలకూ బాణీకీ సింక్ లైసెన్సు కావాలి, రికార్డింగుకు వేరే అనుమతి కావాలి. ఒక్కోసారి రెండూ ఒకే చోట దొరుకుతాయి, ఒక్కోసారి రెండు గుమ్మాలు ఎక్కాలి. "హోటల్ వాళ్లకి పాటల లైసెన్సు ఉందటగా" అని అడిగేవాళ్లున్నారు. ఐపీఆర్‌ఎస్, పీపీఎల్ సంస్థలు హోటళ్లకూ హాళ్లకూ ఇచ్చేది అక్కడ పాట వినిపించడానికి అనుమతి. మీ వీడియోలో ఆ పాట కలిపి కుట్టుకోవడానికి అది పనికిరాదు.

మరి ఫెయిర్ డీలింగ్ అంటారే? ఉంది, 52వ సెక్షన్‌లో. సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల వార్తా కథనం, వీటికి కొంత వెసులుబాటు ఇచ్చారు. మీ పైపుల కంపెనీ వీడియో ఇందులో దేని కిందికి వస్తుందో మీరే చెప్పండి. అతి స్వల్ప వాడకాన్ని కోర్టులు పట్టించుకోకుండా వదిలిన సందర్భాలు లేకపోలేదు. ఇండియా టీవీకీ యశ్‌రాజ్ ఫిల్మ్స్‌కూ మధ్య నడిచిన వివాదంలో 2012లో ఢిల్లీ హైకోర్టు అలాగే చూసింది. అయితే అక్కడా గడియారం పెట్టి కొలవలేదు. జరిగిన నష్టం ఎంత, వాడినవాడి ఉద్దేశం ఏమిటి, ఇతరుల హక్కుల మీద ప్రభావం ఏమిటి లాంటివి తూచింది. ఆ తూకంలో నెగ్గుతామో లేదో తేలేది హైకోర్టు దాకా వెళ్లాక. లాయరు ఫీజుతో పోలిస్తే లైసెన్సే చవక కదా!

ముప్పై సెకన్ల పుకారుకి ఒక తమ్ముడున్నాడు. "పాట హక్కులన్నీ ఫలానా మ్యూజిక్ కంపెనీవే, ఉల్లంఘించే ఉద్దేశం మాకు లేదు" అని వీడియో కింద రాసేస్తే సరిపోతుందట. ఎవరి బండో ఎత్తుకొచ్చి, వెనకాల అద్దం మీద వాళ్ల పేరు రాయించినట్టుంది ఇది. నవ్వు వచ్చే సంగతి ఇంకోటుంది. కాపీరైట్ ఉందని తనకు తెలియదనీ, ఉందని అనుకోవడానికి కారణమూ లేదనీ రుజువు చేసుకోగలిగినవాడికి 55వ సెక్షన్ కొంత ఉపశమనం ఇస్తుంది, నష్టపరిహారం భారం తగ్గుతుంది. కింద ఆ వాక్యం రాసినవాడు తనకు అన్నీ తెలుసని తన చేత్తోనే ఒప్పుకున్నట్టు. రక్ష అనుకుని కట్టుకున్న తాయెత్తే సాక్ష్యమై కూర్చుంటుంది.

శిక్ష సంగతీ చెప్పాలి. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, రూ. 50,000 నుంచి రూ. 2 లక్షల జరిమానా. వ్యాపార లాభం కోసం చేయనివాళ్లకు శిక్ష తగ్గించే వీలు కోర్టుకుంది. కంపెనీ వీడియోకి ఆ దారి మూసుకున్నట్టే. ఈ నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ అని 2022లో సుప్రీంకోర్టు తేల్చేసింది. "ఎడిటర్ పెట్టాడు, మాకేం తెలుసు" అనే డైరెక్టరుగారు 69వ సెక్షన్ చదువుకోవడం మంచిది. కంపెనీ నేరం చేస్తే ఆ సమయంలో వ్యవహారాలు చూస్తున్నవాళ్లూ బాధ్యులే. కార్పొరేట్ వీడియోకి జైలుకెళ్లినవాళ్లు వీధికొకరు ఉన్నారని బెదిరించడం నా ఉద్దేశం కాదు. ఇలాంటివి చాలావరకు డబ్బుతోనే ముగుస్తాయి. కానీ ఎదుటివాడి లాయరు బల్ల మీద ఈ కాగితాలన్నీ పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆ డబ్బు ఎంతో తేల్చేది మీరు కాదు.

"బయట ఎక్కడా వేయం, మా డీలర్ల మీట్‌లో మాత్రమే." ఆరు వందల మంది డీలర్లు, ఆరు వందల ఫోన్లు. ఆ రాత్రికే వాట్సాప్ స్టేటస్‌లలో ఉంటుంది. అసలు కంపెనీ మీటింగును సొంత వాడకం అనడమే సాహసం. పెళ్లిలో పాటలకు అనుమతి అక్కర్లేదని విని, ఆ లెక్క కంపెనీ వార్షికోత్సవానికీ వర్తింపజేసేవాళ్లున్నారు. పెళ్లి ఊరేగింపులకూ, పెళ్లి వేడుకలకూ చట్టం ఇచ్చిన మినహాయింపు అక్కడ పాట వినిపించడం వరకే. మీ కంపెనీ రజతోత్సవం ఎంత ఘనంగా జరిగినా పెళ్లి కాదు.

"పాట ఇన్‌స్టాగ్రామే ఇచ్చింది కదా" అన్నది ఈ మధ్య పుట్టింది. సొంత ఖాతాల్లో కనిపించే ఆ పాటల గంప వ్యక్తిగత వినోదం కోసం. బిజినెస్ ఖాతాకు మారితే సినిమా పాటలు చాలావరకు మాయమయ్యేది అందుకే. అది సాంకేతిక లోపమనుకుని మేనేజరు తన సొంత ఖాతా నుంచి రీల్ చేసి కంపెనీ పేజీలో పెడతాడు. ఇలా రీల్స్‌లో, పోస్టుల్లో తమ పాటలు వాడుకున్నారని 2024లో సోనీ మ్యూజిక్ అమెరికాలో మారియట్ హోటళ్ల మీద దావా వేసింది. ఉల్లంఘనలు 931 అని లెక్క చూపించింది. తర్వాత ఆ దావాకు కోర్టు బయటే తెరపడింది. అంత పెద్ద హోటల్ సంస్థకే తప్పలేదు.

పాత పాటలైతే ఫర్వాలేదన్న నమ్మకం దగ్గర కాస్త ఆగాలి, ఇందులో సగం నిజముంది కాబట్టి మరీ ప్రమాదం. పట్టుచీరల దుకాణం వీడియోకి మాయాబజార్ పాట పెట్టాలని ఎవరికి ఉండదు! సినిమా వచ్చింది 1957లో. రికార్డింగుకు రక్షణ 60 ఏళ్లే, అది 2017తో ముగిసింది. అందరూ ఇక్కడితో లెక్క ఆపేస్తారు. మాటలకూ బాణీకీ లెక్క వేరు. రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయారు. అంటే ఆయన మాటలకు 2031 చివరిదాకా రక్షణ ఉంది. ఘంటసాలగారు కట్టిన బాణీలకు 2034 దాకా.

అన్నమయ్య సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. నెయ్యి బ్రాండు నుంచి తిరుపతి హోటలు దాకా అందరికీ అన్నమయ్యే కావాలి. "ఐదొందల ఏళ్ల నాటి కీర్తనకి కాపీరైటేమిటండీ?" సాహిత్యానికి లేదు, నిజమే. రాగిరేకుల మీద రాగం పేరుంది గానీ బాణీ లేదు. మనం ఈనాడు వింటున్న బాణీల్లో చాలావాటిని కట్టినవారు రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్‌గారు లాంటి ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు. నేదునూరి వారు పోయింది 2014లో. ఆయన బాణీకి 2074 దాకా రక్షణ. కాబట్టి అన్నమయ్య మాటలు తీసుకోండి, కొత్తగా బాణీ కట్టించుకోండి, మీ గాయనితో పాడించుకోండి. త్యాగరాజ కీర్తనకూ అంతే. కృతి అందరిదీ, ఎవరో విదుషి పాడిన రికార్డింగు అందరిదీ కాదు.

మళ్లీ పాడిస్తే చాలన్న చిట్కా సినిమా పాటకు పనిచేయదు. గొంతు మారినా మాటలూ బాణీ అవే కదా. పల్లవిలో హీరోయిన్ పేరు తీసి ఎరువుల బస్తా పేరు పెట్టించడం మరీ ఘోరం, అనుమతి లేకుండా మార్చారన్న గొడవ అదనంగా మెడకు చుట్టుకుంటుంది. 2017లో ఎస్పీ బాలుగారు అమెరికా కచేరీల పర్యటనలో ఉండగా, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజాగారి తరఫున నోటీసు వచ్చింది. ఆ పర్యటనలో బాలుగారు ఆ పాటలు మానేశారు. ఎవరిది న్యాయమని మనవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకూ ఒక అభిప్రాయముంది, అది ఇక్కడ అనవసరం. ఆ పాటలకు ప్రాణం పోసిన గొంతుకే నోటీసు వచ్చిన దేశంలో మీ గ్రానైటు వీడియోకి రాదన్న ధైర్యం ఎక్కడిదని మాత్రం అడుగుతున్నాను.

కంపెనీ వీడియోల గురించిన మిగతా నమ్మకాలకు ఇంత చోటు దండగ. నిడివి పెరిగితే హుందాతనం పెరుగుతుందట. పది నిమిషాల వీడియోను పూర్తిగా చూసేది మీ బోర్డు సభ్యులు, వాళ్లూ మొహమాటానికి. వైరల్ చేయించమంటారు. బోరుబావి పంపుల వీడియో వైరల్ అవదు, అవనక్కర్లేదు కూడా, కొనే నలుగురు చూస్తే చాలు. షూటింగు ఒక్కరోజే కదా, ఇంత బిల్లేమిటంటారు. ఆ ఒక్కరోజుకు ముందు స్క్రిప్టు, తర్వాత ఎడిటింగు ఉన్నాయని ఎన్నిసార్లు చెప్పాలి? ఉద్యోగులతో నటింపజేస్తామంటారు. నటించమనకండి, రోజూ చేసే పనే చేయమనండి, కెమెరా చూసుకుంటుంది. డ్రోన్ మా అబ్బాయి దగ్గరుందంటారు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వ్యాపారానికి ఎగరేయాలంటే 2021 నిబంధనల ప్రకారం పైలట్ సర్టిఫికెట్ కావాలి. విశాఖలో నేవీ స్థావరాల దగ్గర ఎగరేస్తే వీడియో కంటే ముందు పోలీసులు వస్తారు. ఏఐ గొంతుతో వాయిస్ ఓవర్ లాగించేద్దామంటారు. సరే, ముందు దాని చేత మీ ఊరి పేరూ మీ ఇంటిపేరూ చదివించి వినండి.

ఒక్క నమ్మకం విషయంలో మాత్రం తగ్గక తప్పదు. "డబ్బిచ్చింది మేము, వీడియో మాదే" అని క్లయింట్లు బల్ల గుద్దుతారు. వీడియోలు తీసే మా వృత్తిలోవాళ్లు చాలామంది అది తప్పని వాదిస్తారు. చట్టం, ఏం చేస్తాం, క్లయింటు పక్కనే ఉంది. డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన చిత్రానికి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించినవారే మొదటి హక్కుదారు అని 17వ సెక్షన్ చెబుతుంది. గెలిచామని మరీ సంబరపడకండి. "వేరే ఒప్పందం లేకపోతే" అన్న మాట చూశారుగా. మీరు చదవకుండా సంతకం పెట్టిన కొటేషన్ నాలుగో పేజీలో ఆ ఒప్పందం ఉండొచ్చు. పైగా ఆ సెక్షన్ ఫొటోలు, చిత్రాల లాంటి కొన్నిటికే ఆ సౌకర్యం ఇచ్చింది, సంగీతానికి ఇవ్వలేదు. మీ కోసమే ప్రత్యేకంగా కీబోర్డు కళాకారుడితో బీజీఎం చేయించినా, కాగితం రాసుకోకపోతే అది ఆయనదే. వీడియో మీది, అందులో మోగేది వేరేవాళ్లది. రష్ ఫుటేజీ, ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైళ్లు కూడా ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఉంటాయో ముందే రాసుకోండి. రెండేళ్ల తర్వాత కొత్త లోగో పెట్టాల్సి వచ్చి ఫోన్ చేస్తే, హార్డ్ డిస్క్ కరప్ట్ అయిందనే జవాబు మా వృత్తిలో చాలా ప్రసిద్ధం.

కాబట్టి పాట సంగతి ఎడిటింగు చివరి రాత్రికి వదలకండి. కొటేషన్‌లో సంగీతానికి విడిగా ఒక వరుస అడగండి. "మ్యూజిక్ ఇన్‌క్లూడెడ్" అని రాస్తే, ఏ మ్యూజిక్, ఎక్కడిది, ఎవరి పేరు మీద లైసెన్సు అని నిలదీయండి. రాయల్టీ ఫ్రీ అంటే ఉచితమని కాదు, ఒకసారి కడితే వాడిన ప్రతిసారీ కట్టక్కర్లేదని. ఎపిడెమిక్ సౌండ్, ఆర్ట్‌లిస్ట్ లాంటి చోట్ల వ్యక్తిగత వాడకానికి ఒక ప్లాను, వ్యాపారానికి ఒక ప్లాను ఉంటాయి. కుర్రాడు నెల చందా కట్టిన చవక ప్లాను మీ కంపెనీకి వర్తిస్తుందో లేదో చదివి చూడాలి. యూట్యూబ్ వాళ్ల సొంత ఆడియో లైబ్రరీలో మాత్రం ఉచితంగానే దొరుకుతాయి. పేరు వేస్తే సరిపోయే పాటలు కూడా ఉన్నాయి అక్కడ, ఆ షరతు హక్కుదారే పెట్టాడు కాబట్టి. ఎడిటర్ మొదటి కట్‌లో ఊరికే నమూనాగా పెట్టిన సినిమా ట్రాక్‌తో ప్రేమలో పడకండి. "అదే ఉంచు తమ్ముడూ, బాగుంది" అన్న ఒక్క మాటతోనే చాలా నోటీసులు మొదలయ్యాయి. అసలు మొదటి కట్టే లైసెన్సున్న సంగీతంతో చూపించమనండి.

సొంతంగా సంగీతం చేయించుకోవడం చాలామంది అనుకునేంత ఖరీదు కాదు. పేరున్న పాట హక్కుల కంటే తక్కువలో ముగుస్తుంది, పదేళ్లపాటు కంపెనీ గుర్తుగా ఉంటుంది. కానీ హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడితే చెల్లదు. ఆ కాగితంలో రెండు విషయాలు తప్పక ఉండాలి, ఎంతకాలానికి, ఏ ఏ దేశాలకు అని. కాలం రాయకపోతే 19వ సెక్షన్ దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది. దేశాల పేర్లు రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. కొనుగోలుదారులంతా విదేశాల్లో ఉండే గుంటూరు మిర్చి ఎగుమతిదారుకు ఆ రెండో ముక్క ఎంత ముఖ్యమో విడిగా చెప్పక్కర్లేదు. వాయిస్ ఓవర్ చెప్పినవారితోనూ, కెమెరా ముందు నిలబడ్డ మోడల్‌తోనూ ఇదే పద్ధతి. వెబ్‌సైట్‌కా, టీవీకా, ఎగ్జిబిషన్‌కా, ఎన్నేళ్లు, ఎక్కడెక్కడ అన్నది రాసుకోవాలి.

ఆ లైసెన్సు కాగితాలన్నీ, వాటి బిల్లులతో సహా, అకౌంట్స్ విభాగంలో వీడియో పేరు మీద ఒక ఫైల్లో పెట్టించండి. మార్కెటింగ్ మేనేజరు ల్యాప్‌టాప్‌లో ఉంటే ఉద్యోగం మారేటప్పుడు అదీ ఆయనతో పాటే పోతుంది. వీడియో జనంలో ఉన్నంతకాలం ఆ ఫైలు ఉండాలి. అన్ని చోట్ల నుంచీ తీసేసిన తర్వాత కూడా మరో 3 ఏళ్లు పారేయకండి, నష్టపరిహారం దావాకు గడువు ఉల్లంఘన జరిగిన రోజు నుంచి అంత ఉంది.